పిడికిట్లో గాజు గొట్టం

"అయిందా?" మా ఇంట్లో నేను ఎక్కువగా వినేది ఈ ఒక్క మాటే. టిఫిన్ అయిందా, బట్టలు ఆరేసుడు అయిందా, పూజ సామాను తోముడు అయిందా. పొయ్యి వెలిగించకపోయినా "అయింది" అంటాను. కాలేదంటే మా అత్తమ్మ ప్రభావతి "నౌకరీ చేసెటోళ్లకు ఇల్లేడ యాదుంటది బిడ్డా" అని నవ్వుతుంది. ఆ నవ్వు పడలేక పన్నెండేళ్లుగా అబద్ధం ముందు చెప్పి, పని తర్వాత ఉరికురికి చేస్తున్నాను.

మొన్న పొద్దున నాంపల్లిలో నేను నర్సుగా చేసే దవాఖానలో ప్రణవి అనే అమ్మాయికి కాన్పయ్యాక రక్తం ఆగలేదు, ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. ల్యాబ్ రిపోర్టుకు గంట పడుతుంది. అందుకని డాక్టర్ విద్యావతి గారు ఆమె రక్తం కాస్త గాజు గొట్టంలో తీసి నా చేతికిచ్చారు. ఒంటి వేడి తగిలేలా పిడికిట్లో పట్టుకోవాలి. నాలుగు నిమిషాలయ్యాక నిమిషానికోసారి మెల్లగా వంచి చూడాలి. ఏడు నిమిషాలకూ గడ్డకట్టకపోతే, కత్తి పెట్టే ముందే, రక్తం గడ్డకట్టేలా చేసే ప్లాస్మా ఎక్కించాలి. లేకపోతే కోసిన చోటల్లా రక్తమే, మనిషి దక్కదు.

మూడో నిమిషంలో ఫోన్ మోగింది. అబిడ్స్ దుకాణం నుంచి మా ఆయన ఆకాష్. మూడు రింగుల్లో ఎత్తకపోతే సాయంత్రం అందరి ముందూ సంజాయిషీ చెప్పుకోవాలి. ఎత్తాను.

"అమ్మ బీపీ గోలీలు ఏడ వెట్టినవ్? గింత గూడ చెప్పిపోరాదా?"

చెప్పాను. చెప్పి గడియారం చూస్తే, ఎప్పుడు మొదలుపెట్టానో మరిచిపోయాను.

"రశ్మీ, గడ్డకట్టిందా?" డాక్టర్ గారు అడిగారు.

"కట్టింది మేడం."

నోరు దానంతటదే అనేసింది. అప్పుడు పిడికిలి విప్పి వంచాను. రక్తం నీళ్లలా జారింది. స్ట్రెచర్ కదిలింది. అప్పుడైనా అరవాలి కదా, అరవలేదు. నలుగురిలో పరువు పోతుందని, థియేటర్ తలుపు దాకా నోరు మూసుకుని పక్కనే నడిచాను.

ప్రణవి నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, నాకేం గాదు గదా?"

దానికీ "ఏం గాదు" అనబోయాను. అనకుండా డాక్టర్ గారి వైపు తిరిగాను.

"మేడం, కట్టలేదు. నేను చూడకుండనే చెప్పిన."

డాక్టర్ గారు తిట్టలేదు. స్ట్రెచర్ ఆపించి, ప్లాస్మా తెప్పించమని కేకేశారు. మళ్లీ చూడటానికి తీసిన రెండో గొట్టం మాత్రం ఇంకో నర్సు చేతికిచ్చారు. తిట్టినా బాగుండేది.

ప్రణవి బతికింది. అయినా తలుపు దాకా నడిచిన ఆ నడక తలుచుకుంటే నా మొహం నేనే చూసుకోలేకపోతున్నాను.

ఆ సాయంత్రం ఇంట్లో అడుగు పెట్టానో లేదో, హాల్లోంచి అత్తమ్మ గొంతు. పక్కనే ఆకాష్.

"వంట అయిందా?"

అత్తమ్మ నవ్వుతుందని తెలుసు. నవ్వనీ, పొద్దున పడ్డ సిగ్గు ముందు అదెంత.

"కాలేదు అత్తమ్మా," అన్నాను. "రేపట్నుంచి డ్యూటీల ఫోన్ గూడ ఎత్తను."