అవ్వ చెవులకు చీర

నాకు కోపం తొందరగా వస్తుంది. కథ మధ్యలో ఎవరినైనా తిడితే ఏమీ అనుకోకండి. మొదట తిట్టాల్సింది మా అవ్వనే. నర్సింగమ్మ ఆమె పేరు. కోస్గి చుట్టుపక్కల కురుమల ఇళ్లలో ఎక్కడ అడిగినా చెప్తారు, ఆ ముసలమ్మ ఒకసారి వద్దంటే బ్రహ్మదేవుడు దిగివచ్చినా ఔననదని.

పుట్టినప్పుడు నాకు పెట్టిన పేరు బీరప్ప. నేను ఆడదాన్నని నాకు తెలివి వచ్చినప్పటి నుంచి తెలుసు. ఎల్లమ్మ జాతరలో అమ్మవారు ఒంటిమీదికొచ్చే శివసత్తినై చీర కట్టుకున్న రోజు బీరమ్మనయ్యాను. మా వైపు అమ్మవారే పిలుచుకున్నదంటే ఊరు అడ్డం రాదు. నవ్వినవాళ్లు నవ్వారు, వాళ్లను నేను కడుపునిండా తిట్టాను, తర్వాత అందరికీ అలవాటైపోయింది. బక్కమ్మ వదిన తన గాజులు తీసి నా చేతికి తొడిగింది. అన్న కొన్నాళ్లు మొహం చాటేసి, ఒకరోజు గొర్ల దొడ్డి దగ్గర తనంతట తానే "చెల్లె, నీళ్లియ్యి" అన్నాడు.

అవ్వకు మాత్రం నేను "ఒరేయ్"నే. ఆమె కళ్లలో పువ్వులు పూసి చూపు పోయి చాలా ఏళ్లయింది. ఒకరోజు నేను ఉండబట్టలేక గొడవకు దిగాను.

"అవ్వా, ఊరంత నన్ను బీరమ్మ అంటాంది. నీకేం రోగం?"

అవ్వ ఉన్ని వడుకుతూ కదురు ఆపకుండానే జవాబిచ్చింది. "ఊరోళ్లకు కండ్లున్నయి. చీర చూస్తరు, గాజులు చూస్తరు. నాకు చెవులే ఉన్నయి. నా చెవులకు చీర యాడ కట్టిస్తవురా కొడుకా?"

నా గొంతు నిజంగానే మా తాత గొంతు. ఎండుబావిలోంచి వచ్చినట్టుండేది.

మన మాటలో ఒక తమాషా ఉంది. వచ్చిన, పోయిన, తిన్న అని నా గురించి నేను చెప్పుకుంటే అందులో ఆడా లేదు, మగా లేదు. ఆ తేడా అంతా ఎదుటివాళ్ల నోట్లో ఉంటుంది. "రారా" అంటే ఒకటి, "రావే" అంటే ఒకటి. ఆ ఒక్క "వే" మా అవ్వ నోట వినాలని నా ప్రాణం కొట్టుకునేది. నన్ను చంకనేసుకుని పెంచింది ఆమె. రోజూ కథ చెప్పి "ఊఁ కొట్టురా" అంటే ఊఁ కొట్టి పెరిగిన దాన్ని. ఊరంతా పిలిచి ఆమె పిలవకపోతే నాకేం సుఖం?

సరే, చెవులకు చీర కట్టించాలి, అంతే కదా అనుకున్నాను. భాగోతంలో ఆడవేషాలు కట్టే ఐలేశం దగ్గరికి పోయాను. అతను గొంతు బిగబట్టి పైకి లేపడం నేర్పాడు. అడవిలో గొర్ల ముందు సాధన చేసి, ఒక పొద్దున అవ్వ ముందు నిలబడి కీచుగా అడిగాను. "అవ్వా, బువ్వ తిన్నవా?"

అవ్వ ఉలిక్కిపడింది. "ఎవడురా గీడు? భాగోతపోళ్లు గిట్ల వచ్చిండ్రా ఊర్లెకు?"

వదిన కొంగు నోట్లో కుక్కుకుంది. నాకు తల కొట్టేసినట్టయింది. అయినా పంతం వదల్లేదు, ఇంకా గట్టిగా బిగబట్టాను. జాతరలో పూనకంతో శిగమూగుతూ ఆ గొంతుతోనే అరిచాను. మర్నాటికి కీచు గొంతూ లేదు, తాత గొంతూ లేదు. నోరు తెరిస్తే గాలి వస్తోంది. నోరే లేకపోతే నేను ఎవరిని తిట్టేది, ఎట్లా బతికేది? వదిన నన్ను బస్సెక్కించి పాలమూరు దవాఖానకు తీసుకుపోయింది. అది అరవై ఎనిమిదో సంవత్సరం.

గొంతు డాక్టరు నా నాలుకను బట్టతో పట్టి లాగి, చిన్న గుండ్రటి అద్దాన్ని దీపం మీద వెచ్చచేసి గొంతులోకి పెట్టి చూశాడు. "లోపల రెండు తీగలు వాచినయి. అరుపులు బందు చెయ్యి," అని మూలగదికి పొమ్మన్నాడు.

ఆ గదిలో మంజులత ఉంది. బొంబాయిలో చదువుకుని వచ్చిన హైదరాబాద్ పిల్ల. నత్తి ఉన్నవాళ్లకు, చెవుడు పిల్లలకు, అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్న పంతుళ్లకు మాట బాగుచేసే పని ఆమెది. నేను డాక్టరమ్మా అంటే, "డాక్టరమ్మను కాదు, గొంతు పంతులమ్మను," అంది. నా సంగతంతా వదిన చెప్పింది. మంజులత మధ్యలో ఒక్కసారి కూడా నవ్వలేదు. చివరికి నా వైపు తిరిగి అడిగింది.

"బీరమ్మా, వాపు తగ్గినంక నీకు ఏ గొంతు కావాలె?"

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. గొంతు బాగవుతుందా అని అడిగినవాళ్లున్నారు, మగగొంతు ఎందుకని ఎగతాళి చేసినవాళ్లున్నారు. ఏది కావాలని అడిగింది ఆమె ఒక్కతే. మాట రాదు కదా, వేలితో వదినను చూపించాను. వదిన అదిరిపోయి, "నా గొంతా? నీ అన్నకు ఒక్క గొంతే సాలయిపోతాంది!" అంది. మంజులత అప్పుడు నవ్వింది.

"గిది నాకు పుస్తకాలల్ల చెప్పలె," అంది మంజులత. "నువ్వు నాకు మొదటిదానివి. ఇద్దరం కలిసి నేర్చుకుందం. కని ముందుగాల నోరు మూసుకోవాలె."

నోరు మూసుకోవడం! నాకంటే ఊరివాళ్లు ఎక్కువ సంబరపడ్డారు. నీళ్లు తాగుతూ, సైగలు చేస్తూ, గొర్లను ఈలతో మళ్లిస్తూ గడిపాను. "పోరడు మాట్లాడతలేడేందే?" అని అవ్వ అడిగితే, గొంతు మానేదాకా మాట వద్దన్నారని వదినే చెప్పేది.

వాపు తగ్గాక అసలు పని మొదలైంది. మంజులత గదిలో ఒక హార్మోనియం పెట్టె ఉండేది. నన్ను "ఆ" అనమని, నా స్వరం కలిసే మెట్టు దొరికేదాకా మీటలు నొక్కుతూ వచ్చింది. ఎడమ పక్కన ఒకచోట ఆగింది.

"నీ మాట గీడ కూసుంటది," అని చూపించింది. తర్వాత కుడిచివర మీట నొక్కితే కీచుమంది. "ఐలేశం నిన్ను గీడికి ఎగిరిచ్చిండు. గంత దూరం మనకెందుకు? గీ నడుమ జాగా చాలు."

ఓసి నీ! నేను ఊరు దాటి అడవిలో పడ్డానన్నమాట. మా అవ్వ భాగోతపోడు అన్నది తప్పు కాదు, ఆ ముసలమ్మ చెవులు చెవులే.

మెట్టు ఒక్కటే చాలదని కూడా ఆమే చెప్పింది. నా చెయ్యి నా ఛాతీ మీద పెట్టించి మాట్లాడమంది. లోపల గుమ్మని మోగుతోంది. "ఆ మోత ఛాతిల ఉంది. దాన్ని మూతి కాడికి తేవాలె. కత వినేటప్పుడు ఊఁ కొడతవు కద, గట్ల మెల్లగ కొట్టు. బిగబట్టకు."

ఆమె ఏదో రాజుగారి కథ మొదలుపెట్టింది. నేను ఊఁ కొట్టాను. ఇంకొంచెం పైకి ఊఁ. ఇంకొంచెం ముందుకి ఊఁ. రాజుగారు వేటకు పోయి దారి తప్పేసరికి నా పెదవులు జుమ్మన్నాయి. ఛాతీ మీద చెయ్యి పెడితే మోత తగ్గిపోయింది! "ఊఁ, తర్వాత?" అన్నాను. ఆ "తర్వాత" నా నోట్లోంచే వచ్చింది, కాని అది తాతది కాదు, ఐలేశానిదీ కాదు. మంజులత కథ వదిలేసి చప్పట్లు కొట్టింది. నేను లేచి ఆమెను వాటేసుకున్నాను. రాజుగారు ఏమయ్యాడో మా ఇద్దరికీ అక్కర్లేకపోయింది.

ఇక చూడండి నా ఆరాటం. తింటూ ఊఁ, నడుస్తూ ఊఁ. ఊఁ నుంచి ఒక్కో మాటా లాగడం. అవ్వకు వినబడకుండా ఊరి బయట సాధన, ఇంట్లో ఇంకా సైగలే. కొత్త గొంతుతో పిలిస్తే గొర్లు తలెత్తి చూసి మళ్లీ మేతలో పడ్డాయి, మా కుక్క మాత్రం నన్ను చూసి మొరిగింది. దాన్ని కొత్త గొంతుతోనే తిట్టాను. మీ ఊరి ఆడవాళ్ల యాస నేర్చుకో, హైదరాబాద్ దానిలా మాట్లాడితే మీ అవ్వ నమ్మదని మంజులత చెప్పింది. ఆ బాధ్యత వదిన మీదేసుకుంది. "ముందు తిట్టుడు నేర్సుకో, మిగిలింది అదే వస్తది," అని ఎక్కడ సాగదీయాలో, ఎక్కడ విరవాలో నేర్పింది. మా వదిన నోరు సామాన్యం కాదు.

చివర్లో రోజూ చూడాలని మంజులత నన్ను పాలమూరులోనే ఉండమంది. మా చుట్టాలింట్లో ఉండి పోయివస్తూ ఉన్నాను. పంపేటప్పుడు ఒక హెచ్చరిక చేసింది. "మాట మారింది. దగ్గు, నవ్వు, తుమ్ము అన్నిటికంటె ఎనక మారుతయి. వాటితోని పైలం."

తీసుకుపోవడానికి వదిన వచ్చింది. తిరుగు బస్సులో కాలు పెట్టే జాగా లేదు. నేను వెనక మూల, గంపల మధ్య ఇరుక్కున్నాను. ముందు నుంచి కండక్టరు అరిచాడు, "టికెట్ తీసుకోనోళ్లు ఎవరింక?"

"రెండు కోస్గికియ్యి," అన్నాను.

"ఎవరమ్మా అది?"

అతనికి నా చీర కనబడదు. మధ్యలో అంతమంది జనం! నేను వదిన చెయ్యి గిల్లాను. "ఏందీ?" అని మళ్లీ అడిగాను, ఇంకోసారి విందామని. "నిన్నేనమ్మా, చెవుడా?" అన్నాడు. అంత తియ్యగా నన్నెవరూ ఎప్పుడూ విసుక్కోలేదు. కోస్గి వచ్చేదాకా పళ్లు బయటపెట్టి కూర్చున్నాను.

ఇంటి దగ్గరికి వచ్చేసరికి మాత్రం వదిన వెనక నక్కాను. అవ్వ గడప దగ్గర ఎండలో కూర్చుని ఉన్ని వడుకుతోంది. వదిన నన్ను ముందుకు తోసి ఆగిపోయింది. నేనొచ్చిన అవ్వా అనాలని దారి పొడుగునా అనుకున్నాను. భయంతో ఇంకో మాట వచ్చింది.

"అవ్వా, జర మంచినీళ్లున్నయా?"

"ఉన్నయి బిడ్డా," అంది అవ్వ వెంటనే. "లోపల కుండ ఉంది, ముంచుకో. ఎండల పడి వచ్చినట్టున్నవ్, యాడినుంచమ్మా?"

బిడ్డా! కొడుకా కాదు, బిడ్డా! కండక్టరు మాట దీని ముందు ఎందుకు పనికొస్తుంది? "పాలమూరు నుంచి," అన్నాను.

అవ్వ చేతిలో కదురు నెమ్మదించింది. "పాలమూరా? గయితే మా పోరడు యాడన్న కనబడ్డడా? గొంతు బాగు చేపిచ్చుకుంటనని దవాఖానకు పోయిండు. నేనే ఒక మాటన్న వాణ్ని, అది మనసుల పెట్టుకున్నడేమో. ఇల్లంత సప్పుడే లేదు బిడ్డా. కత చెప్తే ఊఁ కొట్టెటోళ్లు లేరు."

అవ్వ పిలిచింది నన్ను కాదు, దారినపోయే ఒక ఆడమనిషిని. నేనే అని చెప్తే మళ్లీ "ఒరేయ్" అంటుందేమో. చెప్పకపోతే ఈమె మనవడి కోసం ఎదురుచూస్తూనే ఉంటుంది. ఏం చెయ్యాలో తోచక పక్కన కూలబడ్డాను. వచ్చిన ఆడవాళ్లకు మర్యాద చెయ్యడం అవ్వకు అలవాటు. నడుముకున్న డబ్బీ తీసి, "ఇగో, ముక్కుపొడి," అని నా వైపు చాపింది. కాదంటే బాగుండదని కొంచెం పీల్చాను.

తుమ్మాను. అది ఆడతుమ్మా మగతుమ్మా అని చెప్పేపని లేదు. పెంకుల మీది పిచ్చుకలు ఎగిరిపోయాయి.

కదురు ఆగింది. వెనకాల వదిన "సచ్చినం పో," అనడం నాకు వినబడింది.

"ఆ తుమ్ము మీ తాతది," అంది అవ్వ. "గట్ల తుమ్మెటోళ్లు ఈ ఊర్ల ఇంకెవరు లేరు."

చెయ్యి చాపి నా మొహం తడిమింది. చెవుల కమ్మలు, బొట్టు, గదవ తడిమి, గొంతు మీద వేళ్లు ఆనించింది. "మాట్లాడు."

"ఏం మాట్లాడాలె అవ్వా?" ఏడుపు వస్తోంది, అయినా బిగబట్టలేదు. "నేనే అవ్వా. నువ్వు చీర కట్టియ్యమన్నవు కద చెవులకు."

అవ్వ వేళ్లు గొంతు మీది నుంచి ఛాతీ మీదికి పోయాయి. అక్కడ మోత వెతికినట్టుంది, దొరకలేదు. నెమ్మదిగా పైకి వచ్చి నా పెదవుల మీద ఆగాయి. తర్వాత బోసినోరంతా తెరిచి నవ్వింది.

"కట్టిచ్చినవ్ పో! మరి తుమ్ముకో?"

"తుమ్ముకు ఇంకా నేస్తున్నరు అవ్వా."

వదిన పగలబడి నవ్వింది. నేనూ ఏడుస్తూనే నవ్వాను. అవ్వ మళ్లీ కదురు అందుకుని, పక్కన నేల తట్టి చూపించింది.

"దగ్గరికి జరుగు. నువ్వు పోయిన కాడికెల్లి కత సగంల ఆగింది. ఊఁ కొట్టు..."

రా అనబోయిందని నాకు తెలుసు. ఆ మాట ఆమె నోటి దాకా వచ్చి ఆగింది. నేను ఆమె నోటినే చూస్తున్నాను.

"ఊఁ కొట్టవే," అంది అవ్వ.

ఊఁ అన్నాను.