రొట్టెల బండికి పర్మిషన్

మూటలు ఎత్తీ దింపీ నడుము పట్టేసిన తర్వాత ఐలేశం ట్రాలీ ఆటో ఇంటి ముందే ఆగిపోయింది. బండి నడపొచ్చు గానీ బరువులు ఎత్తొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆలేరు స్టేషన్ దగ్గర జొన్న రొట్టెలు, కోడికూర అమ్మితే బతకొచ్చని అప్పుడే అతని భార్య స్వరూపకు తోచింది. ట్రాలీ వెనక రేకులతో గది కట్టించి, కిటికీ పెట్టించి, లోపల గ్యాస్ పొయ్యి బిగించుకున్నారు.

వండటం స్వరూపకు కొత్త కాదు. కాగితాల సంగతే కొత్త. ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ మీసేవలో చేయించింది. మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సు కోసం తిరిగి తిరిగి చెప్పులరిగాయి గానీ అదీ చేతికొచ్చింది. సామాను మోసే బండిని వంట బండిగా మార్చినట్టు ఆర్‌సీలో ఎక్కించుకోవడం మిగిలింది. అందుకు బండిని భువనగిరి ఆర్టీఓ ఆఫీసుకు తీసుకెళ్లి బ్రేకు ఇన్‌స్పెక్టరుకు చూపించాలి.

"గా మేడం మస్తు కడక్ అట. ఏదో ఒక వంక వెడ్తదట" అన్నాడు ఐలేశం దారిలో.

"వెట్టనీ. మనం చేసినదాంట్ల తప్పేముంది?" అంది స్వరూప.

ఇన్‌స్పెక్టరు సుచరిత టైర్లు, లైట్లు, రేకుల అంచులు అన్నీ చూసింది. తర్వాత స్వరూపతో పాటు గదిలోకి ఎక్కి కిటికీ మూయించింది. పొయ్యి వెలిగించకుండా సిలిండరు నాబ్ మాత్రం తిప్పమంది. కాసేపు అలాగే నిలబడింది.

"వాసన వస్తలేదా నీకు?"

స్వరూప ముక్కు ఎగబీల్చింది. మసాలా వాసన, కొత్త పెయింటు వాసన. వాటి అడుగున సన్నగా గ్యాస్ వాసన.

సిలిండరు ఆపించి, కిటికీ తెరిపించి, గాలి ఆడాక సుచరిత పైపు మీద సబ్బునీళ్లు పోయించింది. మళ్లీ సిలిండరు తిప్పగానే రేకు అంచుకు తగిలే చోట బుడగలు లేచాయి.

"బండి కదిలినప్పుడల్లా ఒరుసుకుంటాంది. సిలిండరు గూడ పొయ్యి పక్కన్నే వెట్టిన్రు. గిట్లయితే నేను సంతకం పెట్టను."

"ఎంతో ఆశతోని చేసుకున్నం మేడం" అంది స్వరూప.

"ఆశ వద్దంటలేనమ్మా. రేపు అగ్గిపుల్ల గీసేది నువ్వే గదా."

స్వరూప పొయ్యి వైపు చూసింది. మొన్న ఆదివారమే ఆ పొయ్యి మీద వండి చూసింది. పక్కనే అత్త లీలమ్మ కూర్చుని ఉల్లిగడ్డలు కోసింది.

తిరిగి వస్తూ వంగపల్లి దాటాక ఐలేశం బండి పక్కకు ఆపాడు. "గా పైపు నేనే బిగించిన" అన్నాడు స్టీరింగు వైపు చూస్తూ.

స్వరూప అతని భుజం మీద చెయ్యి వేసింది. "అందరం మంచిగనే ఉన్నం గదా. పా, పొద్దు పోతాంది" అంది.

వెల్డింగు పరశురాం సిలిండరుకు బండి వెనక, బయటివైపు జాలీ గూడు కట్టాడు. గ్యాస్ నిలవకుండా గది నేల దగ్గర రంధ్రాలు పెట్టాడు. పైపు కొత్తది వేసి, రేకుకు తగలకుండా రబ్బరు తొడిగాడు.

మళ్లీ భువనగిరి. మళ్లీ కిటికీ మూత, సబ్బునీళ్లు. స్వరూప పైపునే చూసింది. ఒక్క బుడగా లేవలేదు.

"ఇప్పుడు మంచిగున్నది" అని సుచరిత సంతకం పెట్టింది. "ఆలేరు దిక్కు వచ్చినప్పుడు తింట. పైసలు తీసుకోవాలె మరి."

"జరూర్ రాండ్రి మేడం" అన్నది స్వరూప.

తిరుగు దారిలో కొంతసేపు ఆమె అదీ ఇదీ మాట్లాడింది. రొట్టెకు తోడు పచ్చి పులుసు పెడదామన్నది. రాయగిరి వచ్చేసరికి మాట ఆగింది. ఐలేశం తిరిగి చూస్తే తల తలుపుకు ఆనించి, నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతోంది. కాగితాల తిరుగుడు మొదలైనప్పటి నుంచి ఆమె కంటినిండా నిద్రపోయింది లేదు.

ఇంటి ముందు బండి ఆపి, ఆమెను లేపకుండా అతనూ అక్కడే కూర్చున్నాడు.