దించిన తీగలు

రాజోలు చుట్టుపక్కల శ్యామ్ బాబు పాట మోగని పందిరి లేదు. ఓణీల ఫంక్షనైనా, గృహప్రవేశమైనా, అమ్మవారి తీర్థమైనా మైకు అతనిది, పక్కన గిటారు తమ్ముడు వెంకటకృష్ణది. వెనకాల ఒక డోలకు, ఒక ప్యాడు, ఆడగొంతుకి సత్యప్రియ. అంతే ఆర్కెస్ట్రా. తమ్ముడికి గిటారు ఎవరూ నేర్పలేదు. మస్కట్ నుంచి వచ్చేసిన పక్కింటాయన ఇక నాకెందుకులే అని ఇచ్చేసిన గిటారు మీద, సెల్లులో వీడియోలు చూసుకుంటూ, వేళ్లు బొబ్బలెక్కేదాకా మీటి మీటి పట్టేశాడు. పాట ఒకసారి వింటే చాలు, చెయ్యి దానంతటదే వెళ్లి సరైన చోట కూర్చునేది. తీగలు కలిపి నొక్కిన ఆ పట్టు చూసి ఎవరైనా ఇది ఏ కార్డు అని అడిగితే మాత్రం తెల్లమొహం వేసేవాడు. తన కార్డులకి తనే పేర్లు పెట్టుకున్నాడు మరి. ఒకటి పెద్దది, ఒకటి ఏడుపుది, ఇంకొకటి చిటికెనవేలుది.

ఇక అతను శ్రుతి చేసుకునే పద్ధతి చూడాలి. ప్రోగ్రాం మొదలయ్యే ముందు శ్యామ్ బాబు కళ్లు మూసుకుని ఒక స్వరం పట్టి, ఇక్కడ పెట్టరా అనేవాడు. తమ్ముడు ఐదో తీగని ఆ గొంతుకి కలిపి, మిగతా తీగల్ని దాన్నిబట్టి సర్దేవాడు. అన్నయ్య గొంతు తప్ప లోకంలో వేరే కొలత ఒకటి ఉంటుందన్న ఊహే అతనికి లేదు. ఈమధ్య తీగలు మరీ వదులైపోయి గరగరలాడుతున్నాయి. కాలవగట్టు మీద ఇల్లు, ఉప్పుగాలి, ఎప్పుడూ తేమ, తీగలు సాగక ఏం చేస్తాయి అని సరిపెట్టుకున్నాడు. గరగర తగ్గడానికి లావు తీగలు కొని వేశాడు కూడా. ఎంత తెలివో చూడండి.

మలికిపురంలో ఒక రిసెప్షన్‌కి పెళ్లివారు అమలాపురం నుంచి కీబోర్డు వాయించే చరణ్‌ని కూడా పిలిపించారు. వస్తూనే అతను ఏ స్కేలండీ అని అడిగాడు. వెంకటకృష్ణ ఏమీ ఆలోచించకుండా అన్నయ్య స్కేలండి అన్నాడు. పందిట్లో కుర్చీలు సర్దేవాళ్లు కూడా నవ్వారు. చరణ్ మాత్రం నవ్వకుండా, ఏదో బటన్ నొక్కి కీబోర్డు శ్రుతినే కిందికి దించుకుని సర్దుకుపోయాడు. అలా సర్దుకుపోవడమే వెంకటకృష్ణకి తల కొట్టేసినట్టయింది. ముప్పై దాటాక ఇంత అవమానమా అనుకుని, మరుసటి వారమే గిటారు భుజానేసుకుని అమలాపురం బస్సెక్కాడు.

అక్కడ లిడియా టీచరు పిల్లలకి కీబోర్డూ, సంగీత పాఠమూ చెబుతారు. మొదటిరోజే ఆవిడ సెల్లులో శ్రుతి కొలిచే ట్యూనర్ పెట్టి ఐదో తీగ మీటమన్నారు. అది 'ఏ' స్వరమండి అన్నాడతను గర్వంగా, ఆ ఒక్కటీ వీడియోల్లో చూశాడు కాబట్టి. ఆవిడ సెల్లు అతనివైపు తిప్పారు. తీగ మూడు మెట్లు కింద, 'ఎఫ్ షార్ప్' దగ్గర ఉంది. వెంకటకృష్ణ తేమ కథంతా చెప్పుకొచ్చాడు. తేమకి దిగితే ఒక్కో తీగ ఒక్కోలా దిగుతుందనీ, ఆరు తీగలూ సరిగ్గా మూడేసి మెట్లు దిగాయంటే ఎవరో కూర్చుని దించినట్టేననీ ఆవిడ అన్నారు. ఎవరో ఏమిటి, తనే కదా.

పాఠం మాత్రం అద్భుతంగా నడిచింది. ఏడుపుదాన్ని మైనర్ అంటారని తెలిసినరోజు బస్సులో తనలో తనే నవ్వుకున్నాడు. ఇన్నాళ్లూ చీకట్లో తడుముకున్న ఇంట్లో ఎవరో లైటు వేసినట్టుంది. అన్నయ్యకి మాత్రం ఈ చదువు మొదటినుంచీ గిట్టలేదు. చెయ్యి పాడైపోద్దిరా, లెక్కలేసుకుని వాయించేవాడి పాటలో ప్రాణం ఉండదు అనేవాడు. అసూయేమో అనుకున్నాడు తమ్ముడు. అలా అనుకున్నందుకు తర్వాత ఎన్నిసార్లు చెంపలేసుకున్నాడో.

ఒకరోజు ఊరికే, నేర్చుకున్నది సరిచూసుకుందామని సెల్లులోని పాత ప్రోగ్రాం వీడియోలు పెట్టి, వదిన ఫోన్లో ట్యూనర్ తెరిచాడు. చాలా ఏళ్ల కిందటి తీర్థంలో అన్నయ్య నిఖార్సుగా 'ఏ' మీద పాడుతున్నాడు. ఆ తర్వాతా అంతే. కిందటేడు నాగుల చవితికి ఒక మెట్టు దిగాడు. ఉగాదికి ఇంకొకటి. మొన్న వానల్లో మూడోది. అన్నేళ్లు కదలని గొంతు ఏడాదిలో ఇంత కిందికి జారిందంటే, గొంతులో ఏదో జరుగుతోంది. సినిమా పాటల్లో పైకి వెళ్లే చోట అన్నయ్య ఈమధ్య మైకు జనంవైపు తిప్పి మీరు పాడండి అంటున్నది హుషారు కాదన్నమాట. మంచినీళ్లు మాటిమాటికీ తాగుతున్నది ఎండకి కాదన్నమాట.

లిడియా టీచరుని అడిగితే, నలభై అయిదేళ్ల మనిషికి అలా దిగకూడదండీ, వెంటనే గొంతు డాక్టరుకి చూపించండి అన్నారు. ఇంటికొచ్చి ఆ వీడియోల సంగతి చెప్పి, అన్నయ్యతో నెమ్మదిగా ఆ మాటే కదిపాడు. శ్యామ్ బాబు కంచం మీదనుంచి తలెత్తకుండా, పాత సెల్లులో సౌండు అలాగే ఉంటదిలే అన్నాడు. రెండోసారి కదిపితే, నాలుగు పాఠాలు విని నా గొంతుకే వంకలు పెడుతున్నావా అని విసురుగా లేచిపోయాడు. వదిన భవానీదేవి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. వెంకటకృష్ణకి భయమూ వేసింది, ఒళ్లూ మండింది. రెండూ కలిస్తే మనిషి మంచి పని చెయ్యడు.

ఆ వారమే సఖినేటిపల్లి దగ్గర కొబ్బరితోటలో ఓణీల ఫంక్షన్. మధ్యాహ్నం భోజనాల వేళ, షామియానా నిండా జనం. ఈసారీ చరణ్ కీబోర్డు. వెంకటకృష్ణ ఇంటి దగ్గరే సన్నటి తీగలు వేసి, ట్యూనర్ పెట్టి, ఐదో తీగని కచ్చితంగా 'ఏ'కి బిగించి తెచ్చాడు. చరణ్‌కి చెవిలో, ఇవాళ బటన్లేమీ నొక్కకండి, 'ఏ' మేజరేనండి అని చెప్పాడు. ఆ రెండు ముక్కలూ నోటితో అనడంలో ఎంత సుఖముందో! శ్యామ్ బాబు ఎప్పట్లాగే కళ్లు మూసుకుని స్వరం పట్టాడు. తమ్ముడు తీగలు బిగించే కీలు తిప్పినట్టు వేళ్లు కదిపాడు. కీలు తిప్పలేదు.

పల్లవి ఎలాగో గడిచింది. చరణంలో పైకి వెళ్లేచోట శ్యామ్ బాబు నోరు తెరిస్తే గొంతు చీలి, గాలి మాత్రం వచ్చింది. మళ్లీ ఎత్తుకున్నాడు. మళ్లీ అంతే. ముందు వరసలో కుర్రాళ్లు ఈల వేశారు. భోజనాల బల్లల దగ్గర ఎవరో పెద్దాయన, అయిపోయిందండీ ఈయన పని, అని అందరికీ వినబడేలా అన్నాడు. శ్యామ్ బాబు తల తిప్పి తమ్ముడి చేతివైపు చూశాడు, కోపంగా కాదు, దారి తప్పినవాడిలా. మైకు సత్యప్రియ చేతిలో పెట్టి స్టేజీ దిగిపోయాడు. వెంకటకృష్ణ మిగతా పాటలన్నీ ఒక్క తప్పు లేకుండా వాయించాడు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ అతనికి సిగ్గు.

వ్యాను దగ్గర అన్నయ్య స్పీకరు పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. తమ్ముడు దగ్గరికెళ్లాడు. నిన్ను ఆస్పత్రికి పంపడానికే చేశానని చెప్పబోయాడు. అది సగమే నిజం. మిగతా సగం, 'ఏ' మేజరేనండి అని చరణ్‌తో చెప్పడం కోసం.

"నాకు తెలుసురా కిష్టా," అన్నాడు శ్యామ్ బాబు. "ఏడాది బట్టీ తెలుసు. నేనెంత దించితే నువ్వంత దించేవోడివి, ఎందుకని ఎప్పుడైనా అడిగేవా? నీకు తెలీనంత కాలం నాకేం అవ్వలేదనుకున్నాను."

మర్నాడే ఇద్దరూ కాకినాడ వెళ్లారు. డాక్టరుగారు ముక్కులోంచి సన్నటి గొట్టం దించి, తెర మీద చూశారు. స్వరపేటిక మీద గడ్డ ఉందనీ, ముక్క తీసి పరీక్షకి పంపితేగానీ ఏ రకందో చెప్పలేమనీ అన్నారు. మంచిదో చెడ్డదో గానీ, గొంతు మళ్లీ పాటకి పనికొస్తుందన్న ఆశ మాత్రం పెట్టుకోవద్దన్నారు. ఎన్నాళ్లనుంచీ ఉందని అడిగారు.

"ఓ నెల్లాళ్లండి," అన్నాడు శ్యామ్ బాబు.

"ఏడాది పైనేనండి," అన్నాడు వెంకటకృష్ణ.

డాక్టరుగారు కళ్లజోడు తీసి బల్లమీద పెట్టారు. మొదట్లోనే వచ్చుంటే చిన్న పనితో పోయేదన్నారు. పాడే మనిషి గొంతు ఏడాదిగా మారిపోతుంటే ఇంట్లో ఒక్కరికీ వినబడలేదా అని కేకలేశారు. వెంకటకృష్ణ నోరు తెరవబోయాడు. అన్నయ్య అతని మోకాలి మీద చెయ్యి వేసి ఆపాడు.

"ఆడినేం అనకండి. ఆడికి తెలీదండి. మొన్నమొన్నే నేర్చుకున్నాడు."

వెంకటకృష్ణ తలొంచుకున్నాడు. తెలీకపోవడమేమిటి? మెట్ల పేర్లు తెలీవంతే. గొంతు జారిన ప్రతిసారీ అతని చెవి విన్నది, విన్నది కాబట్టే చెయ్యి ఒక్క వెంట్రుకవాసి తేడా లేకుండా వెనకాలే దించింది. అన్నయ్య గొంతుని తనకన్నా బాగా విన్నవాడు ఈ భూమ్మీద లేడు. ఆ మాట డాక్టరుగారికి చెప్పాలని ఎంత అనుకున్నా, మోకాలి మీద అన్నయ్య చెయ్యి ఉన్నంతసేపూ చెప్పలేకపోయాడు.