కిమ్ మట్టిలో బల్లెం

"నసీబ్ తెరుచుకున్నది పిల్లా! కిమ్ ఊళ్లె కొత్త షెడ్డు మీద కట్టే కమ్రా మీ జంటకేనట. సేఠ్ జబాన్ ఇచ్చిండు."

సేఠ్ షెడ్లలో పనివాళ్లను నడిపే ముకద్దం పరుశురాం గడపలో నిలబడి ఈ మాట చెప్పేసరికి హారతి మోచేతుల దాకా చింతపండు పులుసులో ఉంది. సంతోషం పట్టలేక ఆ చేతులతోనే నోరు మూసుకుంది. పులుపు నాలుకకు తగిలి ఇంకా నవ్వొచ్చింది.

సిరిసిల్లలో డిగ్రీ పరీక్షలు అయ్యాయో లేదో పెళ్లి చేసి సూరత్ రైలెక్కించారు. అక్కడి లింబాయత్ బస్తీలో మరమగ్గాల సేఠ్ ఇచ్చిన ఈ ఒక్క గదిలోనే అత్త నర్సవ్వ, ఆమె తమ్ముడు లింగం, పాతచీర అడ్డం కట్టుకుని కొత్త దంపతులు. భర్త ఉమాకాంత్ చెవిలో ఏదైనా చిలిపిమాట అంటే నవ్వడానికి హారతి మెట్ల మీదికి పరుగెత్తాలి. ఇప్పుడిక తలుపున్న గది! కిటికీకి మామిడిపిందె రంగు పరదా కట్టాలని అప్పటికప్పుడే తేలిపోయింది.

"సేఠ్ ఊకెనే ఇస్తడా?" అన్నాడు లింగం మూలనుంచి. అతని కాలికి తొడ దాకా పిండికట్టు ఉంది.

"ఊకెనే లింగన్నా. దవాఖాన కాగితం చూసి లేబర్ ఆఫీసోళ్లు అడగనీకి వస్తరట. సెలవునాడు కిమ్‌కు ఎవ్వరం పోలేదు, మా మామ ఇంటి మెట్ల మీదికెల్లి పడ్డడు అని ఉమాకాంత్ ఒక్క మాట చెప్తే సాలు. ఇగ ఆ దొరికిన బల్లెమో ఏందో, నాకిస్తే తాపీ నదిల పారేస్త. సర్కారోళ్లకు ఎరుకైతే షెడ్డు పనే బంద్ వెడ్తరు."

హారతి నవ్వు ఆగిపోయింది.

ఆ సెలవునాడు మరమగ్గాలకే విశ్రాంతి దొరికింది. మీటరు లెక్కన నేసే మనుషులను టెంపోలో సూరత్ అవతలి కిమ్‌కు ఎక్కించుకుపోయి, కొత్త షెడ్డు పునాదికి జేసీబీ తవ్విన కందకంలో మట్టి ఎత్తించారు. కూలి లేదు, చాయ్, వడాపావ్ మాత్రమే. కందకం అంచు విరిగి లింగం మీద పడింది. అతన్ని బయటికి తీయాలని మట్టి గోకుతుంటే ఉమాకాంత్ వేళ్లకు తగిలిందీ బల్లెపు మొన. గుడ్డలో చుట్టి ఇంటికి తెచ్చాడు.

ఈ ఇంట్లో దేవుడి అరలో పటాలకంటే ముందు చనిపోయిన మామగారి చేతిమగ్గంలో నూలు మోస్తూ అటూ ఇటూ ఆడిన నాడె ఉంటుంది. దానికి బొట్టు పెట్టకుండా ఎవరూ ముద్ద ముట్టరు. "భూమిల కెల్లి వచ్చిన పనిముట్టు, మంచిగ తోమి నాడె పక్కన పెట్టు బిడ్డా," అన్నది నర్సవ్వ. చెంబు తోమినట్టే ఇందాక చింతపండు పెట్టి తోమింది హారతి. సగం బంగారంలా తేలితే ముచ్చటపడింది. మిగతా సగం ఆకుపచ్చ చిలుము.

ఆకు ఆకారం, నడుమ వెన్నులాంటి గీత. ఇప్పుడు గుర్తొచ్చింది, కాలేజీ చరిత్ర పుస్తకంలో ఇలాంటి బొమ్మే. మనుషులకు ఇనుము తెలియని నాటి కంచు. ఆ చిలుమే దాని వయసుకు సాక్ష్యం, అంటుకున్న మట్టే దాని ఊరికి సాక్ష్యం. చదువుకున్న తనే వాటిని చింతపండు పెట్టి కడిగేసింది.

"ఉమాకాంత్‌తోని మాట్లాడుండ్రి, పొద్దుగాల వచ్చి తీస్కపోత," అని లేచాడు పరుశురాం. "ఈ కమ్రా గూడ సేఠ్‌దే, యాదుంచుకోండ్రి." ఆ మాటా నవ్వుతూనే అన్నాడు.

సాయంత్రం షిఫ్టు దిగి వచ్చిన ఉమాకాంత్‌కు లింగమే అంతా చెప్పాడు. "ఒప్పుకోరా అల్లుడా. మా అక్క గూడ జర నిమ్మళంగుంటది. నా కాలుదేముంది, అతుక్కుంటే అతుక్కుంటది."

ఉమాకాంత్ మెట్ల మీదికి వచ్చాడు. వెనకే హారతి.

"నీ మొకం అట్లున్నదేంది, నీకు కమ్రా వద్దా?" అన్నాడు.

"కావాలె. మస్తు కావాలె. పరదా రంగు గూడ అనుకున్న."

"మరింకేంది?"

"మెట్ల మీద పడ్డోనికి దవాఖాన ఖర్చు ఎవడిస్తడు? మామ మళ్ల మగ్గం కాడ నిలవడకుంటే ఎవడు సూస్తడు? ఆడ తలుపేసుకుంటే మనకు నవ్వొస్తదా?"

"కాదంటే రేపే సామాను రోడ్డు మీద పడేస్తడు. నన్ను ఏ షెడ్డుల రానియ్యడు. ఇగ నువ్వేమో బల్లెం తళతళ తోమి పెట్టినవ్. బజార్ల కొనుక్కొచ్చినవంటరు."

"తప్పు నాదే. కానీ సగమే తోమిన. కర్ర దూర్చే బొర్రల కిమ్ మట్టి ఇంక అట్లనే ఉన్నది."

అతను గోడకు ఆనుకున్నాడు. కింద గల్లీలో రాత్రి షిఫ్టు మగ్గాలు మొదలయ్యాయి, మెట్లు సన్నగా అదురుతున్నాయి. హారతి లోపలికి వెళ్లి అత్త ముందు కూర్చుంది.

"అత్తమ్మా, రేపు పరుశురాం రాకముందే కలెక్టర్ ఆఫీసుకు పోతం. ఈ బల్లెం తీస్కొని, మామను తీస్కొని. ఇదెక్కడ దొరికిందో, మామ మీద మట్టెక్కడ పడ్డదో చెప్తం. రెండూ ఒక్క గుంతనే."

"పిచ్చిగిట్ల లేసిందా బిడ్డా?" లింగం మోచేతుల మీద లేవబోయాడు.

నర్సవ్వ తమ్ముడి కాలు వైపు, కోడలి వైపు మార్చి మార్చి చూసింది. "మూడో మంజిల్ కెల్లి వీన్నెట్ల దించుతవే?"

హారతి గడప అవతలి ఇరుకు మెట్ల వైపు చూసింది.

"కుర్చీల కూసోవెట్టి," అన్నాడు ఉమాకాంత్, ఇంకా గడప బయటే నిలబడి. "బరువంత కిందికే వస్తది. కింది దిక్కు నేను పట్టుకుంట."