అత్తకు ఇవ్వని మాట

బస్సు వెనక్కి నడుస్తోంది, చాలాసేపటి నుంచి అలాగే నడుస్తోంది, అయినా లోపల ఎవరికీ అది వింతగా లేదు. డ్రైవరు అద్దంలోంచి ముందుకే చూస్తున్నాడు, చెట్లూ కరెంటు స్తంభాలూ మా వీపుల వెనక నుంచి వచ్చి కళ్ళ ముందు నుంచి పారిపోతున్నాయి, నేను కిటికీ పక్కన కూర్చుని రెండు చేతులతో పొట్ట పట్టుకున్నాను. రోడ్డంతా గతుకులు. లోపలి బిడ్డ నాలాగే నిటారుగా కూర్చుని ఉంది, తల నా పక్కటెముకల కింద, కాళ్ళు కిందికి, బస్సు కుదిపినప్పుడల్లా ఆ కాళ్ళు మూత్రాశయాన్ని తన్నుతున్నాయి.

మనుషుల మధ్య నుంచి తోసుకుంటూ వస్తున్న కండక్టరు మా అత్త సన్యాసమ్మ. భుజాన తోలుసంచి, నోట్లో అడ్డపొగ, నిప్పు వైపు నోటి లోపల పెట్టుకుని కాల్చే ఆ చుట్టను ఆవిడ బతికినన్నాళ్ళూ వదల్లేదు. పోయి మూడు నెలలు దాటింది. ఆ సంగతి నాకూ తెలుసు, ఆవిడకూ తెలుసు, బస్సులో అందరికీ తెలుసు, అందుకే ఆవిడ వస్తుంటే ఎవరూ తాకకుండా కాళ్ళు ముడుచుకుంటున్నారు.

నా దగ్గరికి వచ్చి చుట్ట తీసింది.

"ఏటే ఇందుమతీ, మాటివ్వకుండా బస్సెక్కీసినావు?"

"టికెట్టు అడుగుతావనుకున్నాను."

"నీ టిక్కెట్టెవులికి కావాలే? మాటియ్యి. లేదంటే దిగు."

ఏ మాటో నేను అడగను. కామెర్లతో ఆసుపత్రి మంచం మీద పడుకుని, పసుపచ్చటి కళ్ళతో నా చెయ్యి పట్టుకుని, కాన్పుకి కోత పెట్టించుకోనని మాటియ్యి అని అడిగింది ఆవిడ. నాకప్పుడు ఐదో నెల దాటింది. నేను మాట ఇవ్వలేదు, మంచినీళ్ళ గ్లాసు అందించాను. ఆవిడ గ్లాసును తోసేసి గోడవైపు తిరిగింది. మళ్ళీ ఇటు తిరగలేదు.

"రేపు పొద్దున్న కోయించుకుంటన్నావంట," అంటోంది ఇప్పుడు, నా మీదికి వంగి.

"అవును."

"ఎవులు సెప్పినారు?"

"డాక్టరమ్మ. బిడ్డ ఎదురుకాళ్ళతో ఉంది. మొన్న పొట్ట మీద చేతులు పెట్టి తిప్పి చూసింది. సగం తిరిగి మళ్ళీ మొదటికే వచ్చేసింది."

"ఎందుకు తిరుగుతాదే? అది నా రక్తం. మీ మామ మాటే నేనినలేదు, అది డాక్టరమ్మ మాట ఇంటాదా?"

బస్సంతా నవ్వుతుంది. డ్రైవరు కూడా నవ్వుతాడు, స్టీరింగు వదిలేసి మరీ. నాకు ఒళ్ళు మండుతుంది. "నవ్వండి," అంటాను అందరితో, "మొదటి కాన్పు, ముందు కాళ్ళొస్తాయి, చివర తల వస్తుంది, అన్నిటికన్నా పెద్దది తలే, అది ఇరుక్కుంటే ఊపిరి ఆగిపోతుందని చెప్పింది ఆవిడ. ఇరుక్కుంటే మీలో ఎవరొచ్చి తీస్తారు?" తిరిగి చూస్తే వాళ్ళు సీట్లలో లేరు, సీట్లు మధ్యకు జరిగి, నడవ వెడల్పయి, నేల మట్టినేల అయి, అది మా అత్త ఇంటి ముందరి వాకిలైపోయింది, వాళ్ళందరూ వరసగా బోర్లా పడుకుని ఉన్నారు, చొక్కాలు పైకి లాక్కుని, నడుములు బయటపెట్టుకుని.

వాళ్ళ నడుముల మీద మా ఆయన గౌరినాయుడు నడుస్తున్నాడు.

ఇది కలలోనే కాదు, మెలకువలోనూ జరిగేదే. ఎదురుకాళ్ళతో పుట్టినవాడు కాలు పెడితే పట్టేసిన నడుం వదులుతుందని మా వైపు నమ్మకం. ఆయనకు నడక వచ్చిన నాటి నుంచి ఈ వాకిట్లో మనుషులు బోర్లా పడుకుంటూనే ఉన్నారు. ఇప్పటికీ ఫ్యాన్లు బాగుచేసే కొట్టు మూసి ఇంటికి వచ్చేసరికి ఎవరో ఒకరు నడుం పట్టుకుని అరుగు మీద కూర్చుని ఉంటారు. కలలో ఆయన లుంగీ ఎగ్గట్టి, ఒక నడుం మీంచి ఇంకో నడుం మీదికి అడుగులేస్తున్నాడు, మెత్తటి మెట్లెక్కుతున్నవాడిలా, ఎంతసేపు నడిచినా వరస అయిపోవడం లేదు. అత్త పక్కనే నడుస్తూ, ఆ పక్కకి, ఇంకా కిందికి, మడమతో నొక్కు అని చెబుతోంది.

"సూడవే," అంటుంది నాతో, కళ్ళు మెరుస్తుంటే. "ఊరంతా నా కొడుకు కాలి కింద పడుకుంటాది. కోసి తీసిన పిల్ల కాలికి ఏటుంటాది?"

"చెప్పులుంటాయి. చాలు."

పడుకున్నవాళ్ళలో ఎవరో కిసుక్కుమంటారు. అత్త వెళ్ళి ఆ మనిషి నడుం మీద తనే ఒక్క తన్ను తంతుంది.

"బావా," అని పిలుస్తాను. "దిగు. రేపు పొద్దున్నే ఆసుపత్రికి వెళ్ళాలి."

గౌరినాయుడు దిగడు. ఒక నడుం మీద ఆగి, ఇంట్లో ఈ వారమంతా ఎలా అన్నాడో అలాగే అంటాడు, నా మొహంలోకి చూడకుండా. "నాలుగు రోజులు సూద్దామే ఇందూ. దానంతటదే తిరుగుతాదేమో. తిరక్కపోనా, నేనలాగే పుట్టినాను కదా. ఏటయ్యింది నాకు?"

"నీకేమీ కాలేదు." నేను అత్తవైపు తిరుగుతాను. "నీ ముందు పుట్టినదానికి ఏమైందో మీ అమ్మని అడుగు."

పడుకున్నవాళ్ళు ఒక్కొక్కరే లేస్తారు, నడుం నొప్పి సంగతే మరిచిపోయి, మట్టి దులుపుకుని, మాకు వీపులు చూపించి వెళ్ళిపోతారు. వాళ్ళతోపాటే, చివరి వీపు మీద నిలబడి ఉన్నవాడు ఉన్నట్టే, గౌరినాయుడు కూడా వెళ్ళిపోతాడు.

ఆయనకు ముందు ఒక ఆడపిల్ల పుట్టిందనీ, అదీ ఎదురుకాళ్ళేననీ పెళ్ళయిన కొత్తలో ఆయన మేనత్త నోరుజారింది, వెంటనే నాలుక కరుచుకుంది. నేను అత్తను అడిగాను. ఆ ఒక్క ప్రశ్నకు ఆవిడ జవాబు చెప్పలేదు, ఆ పూట నుంచి నా చేతి కూర ముట్టలేదు, పోయేదాకా తన కూర తనే వేరుగా వండుకుంది.

"ఎవులే సెప్పినారు నీకు?" అత్త గొంతు సన్నగా, కత్తిలా ఉంది.

"ఎవరు చెబితే ఏం? పుట్టిందా లేదా?"

"నీ నోట్లో పురుగులు పడ."

ఆ తిట్టుకే నేల కదిలి, మళ్ళీ బస్సులో ఉన్నాం, ఇప్పుడు మేమిద్దరమే. బస్సు వెనక్కి వెనక్కి ఒక సందులోకి దూరుతోంది. అటొక గోడ, ఇటొక గోడ. వెనక చక్రాలు లోపలికి పోయాయి, నడిమి కిటికీలు పోయాయి, రెండు గోడల సున్నం రేకుల మీద గీసుకుని నా ఒళ్ళో రాలుతోంది, అంతలో పెద్ద కుదుపుతో ఆగిపోయింది. ముందుభాగం సందు మొదట్లో ఇరుక్కుంది. డ్రైవరు సీట్లో ఎవరూ లేరు. ఇంజిను మాత్రం అరుస్తోంది, బస్సు అంగుళం కూడా కదలడం లేదు.

అత్త ఆ ఇరుక్కున్న ముందుభాగం వైపే చూస్తోంది.

"కాళ్ళొచ్చినాయి," అంటుంది, నాతో కాదు. "నడుమొచ్చింది. సేతులొచ్చినాయి. ఆడపిల్ల అని మంత్రసాని సెప్పింది కూడా. తల రాలేదు. మంత్రసాని లాగుతుంటే పిల్ల కాళ్ళు ఆడించింది. బయటున్న కాళ్ళు. నేను సూసినాను, తలెత్తి సూసినాను. ఆడిస్తానే ఉంది, ఆడిస్తానే ఉంది. మరి మానీసింది."

ఇంజిను చప్పుడు ఎప్పుడు ఆగిందో తెలియలేదు.

"నొప్పులప్పుడే, బండి కట్టమంటావేటి, పట్నం తీసుకుపోయి కోయిద్దామని మీ మామ అడిగినాడు. నేనే వద్దన్నాను. కోత పడ్డ మనిషి ఇంక బరువెత్తలేదు, వరినాట్లకెళ్ళలేదు, ఎవులు తిండెడతారు అన్నాను. తర్వాత నీ మొగుడు అలాగే వచ్చినాడు. బతికినాడు. సూసినారా, కోత అక్కర్లేదు, దాని రాత అలాగుంది, అది పోనాది, అని ఊరందరికీ సెప్పినాను. వాడి కాలు పట్టుకుని ఊరందరి నడుములూ తొక్కించినాను. అందరూ మొక్కినారు." ఒక్కసారిగా నా వైపు తిరుగుతుంది, ఆ పసుపచ్చటి కళ్ళతోనే. "ఇప్పుడు నువ్వు దర్జాగా పోయి కోయించుకుని, పిల్లనెత్తుకుని ఇంటికొచ్చీస్తావు. అప్పుడేటవుతాది? నా పిల్లది రాత కాదని తేలిపోతాది. నేనే సంపీసినానని తేలిపోతాది. అందుకే మాటడిగినాను. ఇయ్యి!"

ఏడుస్తుందేమోనని చూస్తాను. ఆవిడ ఏడవదు, పీక నొక్కేలా చూస్తుంది. నాకూ జాలి రాదు. రానివ్వను, జాలి వస్తే మాట ఇచ్చేస్తానని భయం.

"నీ సాక్ష్యానికి నా బిడ్డని నిలబెట్టనత్తా."

"ఏటన్నావు?"

"నువ్వు చంపలేదని ఊరికి చూపించడానికి కాదు నేను కంటున్నది. ఆ రోజు మాటివ్వలేదు, ఇప్పుడూ ఇవ్వను. బస్సు తియ్యించు, నేను దిగుతాను."

"దిగు సూద్దాం. తలుపెక్కడుందే?"

నిజమే, తలుపు లేదు, తలుపు ఉండాల్సిన చోట గోడే ఉంది. నేను లేచి ఆ గోడను చేతులతో తడుముతాను, లోపల బిడ్డ రెండు కాళ్ళూ ఒకేసారి కిందికి తంతుంది, ఆ పోటుకు నిలబడలేక సీటు కడ్డీ పట్టుకుంటాను. వెనక నుంచి అత్త అడుగులు వినిపిస్తాయి. కొడుతుందనుకుంటాను. జుట్టు పట్టుకుంటుందనుకుంటాను. ఆవిడ నా ఎడమ మణికట్టు పట్టుకుని గుంజుతుంది.

"ఇవేసుకుని కోత బల్లెక్కుతావేటి?"

నా చేతికి ఆకుపచ్చ గాజులున్నాయి. మంచం పట్టకముందు తన చేత్తో తనే తొడిగి, పురుడయ్యేదాకా తీసినావంటే ఊరుకోను అని చెప్పిన గాజులు. ఇప్పుడు నెలలు నిండి చేతులు ఉబ్బి, అవి చర్మంలోకి దిగిపోయి ఉన్నాయి.

"నువ్వే కదా తియ్యొద్దన్నావు?"

"నోర్ముయ్యి. మత్తిచ్చి పడుకోబెడితే నీకు తెలుస్తాదేటి, ఒక్కటి సిట్లితే సేతిలో దిగిపోతాది. అంత సదువు సదివినావు, ఇంగితం లేదు. బొటనవేలు లోపలికి మడు."

"నొప్పత్తా!"

"ఉండాల. రేపింకా ఉంటాది. నేను పడినాను, నువ్వూ పడు."

"నేను మాటివ్వలేదు."

"ఇయ్యకు. నాకు నీ మాట అక్కర్లేదు, నీ మొకమూ అక్కర్లేదు. సెయ్యి కదపకు, దరిద్రపు మొకమా."

ఆవిడ వేళ్ళు మంచులా చల్లగా ఉన్నాయి, అయినా వాటిలో బలం ఉంది, ఎముకలన్నీ ఒక్కచోటికి వచ్చేలా నా అరచేతిని మడిచి, పళ్ళు బిగించి, మొదటి గాజును వేళ్ళ గణుపుల మీదికి లాగుతుంది. లాగుతూ నా కళ్ళలోకి చూస్తూనే ఉంది, ఆ చూపులో ప్రేమ ఏ మూలా లేదు. గాజు గణుపుల మీద ఆగుతుంది. ఆవిడ ఆగదు. నేను అరుస్తాను, గాజు టక్కుమంటుంది.

కళ్ళు తెరిచేసరికి తెల్లవారింది. వీధిలో పాలవాడి కేక వినిపిస్తోంది, కిటికీలోంచి ఎండ గోడ మీద పడుతోంది. నేను ఎడమ పక్కకు తిరిగి, చెయ్యి నా ఒంటి కిందే పెట్టుకుని పడుకున్నాను. ఆ చేతిని మెల్లగా బయటికి లాగి చూస్తే, మణికట్టు చుట్టూ ఎర్రటి వాతలు, వాటి మధ్య సన్నటి గాటు, రక్తం ఒక చుక్క. దుప్పటి మీద ఆకుపచ్చ గాజు రెండు ముక్కలై ఉంది. బిడ్డ తల గట్టిగా, గుండ్రంగా, పక్కటెముకల కిందే ఉంది.

గౌరినాయుడు అప్పటికే లేచి మంచం అంచున కూర్చుని ఉన్నాడు. రాత్రంతా ఏదో ఆలోచించినవాడిలా ఉన్నాడు.

"ఇందూ," అన్నాడు, "ఇంకొక్క నాలుగు రోజులు..." అంటూ ముక్కలు చూసి ఆగిపోయాడు. "అయ్యో, గాజు సిట్లిందేటి? అమ్మ తొడిగినవి. పురుడయ్యేదాకా తియ్యకూడదు కదే."

నేను చెయ్యి ముందుకు చాపాను.

"సబ్బు తే బావా. ఒకటి మీ అమ్మ తీసింది. మిగతావి నువ్వు తియ్యి."

ఆయన నా మొహంలోకి చూశాడు, ఈ వారంలో మొదటిసారి. లేచి పెరట్లోకి వెళ్ళాడు. కాసేపటికి పంపు తిప్పిన చప్పుడు వినిపించింది.