దూదిలో దాచిన నంబరు

రెండు చీరలు, ఒక బురఖా, సబ్బు, కొబ్బరినూనె సీసా. వాటి మీద తాను కుట్టిన చిన్న దిండు పెట్టి ఇమాంబీ సంచి జిప్పు లాగింది. సంచి ఆమె తమ్ముడి భార్య ఖాసింబీది. సాయంత్రం బొంబాయి బండెక్కి, అక్కడి నుంచి కువైట్‌లో ఇంటిపనికి పోవాలి.

సీతాఫల్‌మండిలో పరుపులు కుట్టి బతికే దూదేకుల ఇల్లు అది. ఇప్పుడు ఖాసింబీని పంపుతున్న ఏజెంటే రెండేళ్ల కిందట పంపితే ఇమాంబీ కూడా కువైట్ పోయి వచ్చింది. చేతి మీది మచ్చ వేడినూనె పడి అయిందని అందరికీ చెప్పింది. ఇప్పుడు తలుపు గడియ పెట్టి రవిక చెయ్యి పైకి జరిపింది.

"నూనె గాదే. ఆ ఇంటామె ఇస్త్రీపెట్టె పెట్టింది. పోకు."

"గిన్ని దినాలు చెప్పకపోతివి గద వదినా!"

"ఇజ్జత్ పోతదని దాచిన."

ఖాసింబీ వాచిన పెదవి తడుముకుంది. "ఈడ నీ తమ్ముడు ఉత్తగనే కొడ్తడు. ఆడ జీతమిచ్చి కొడ్తరు. మంచిదే గద!" నవ్వబోయి, పెదవి చిట్లి ఆగిపోయింది.

ఇమాంబీ సంచి మీద చెయ్యేసింది. "జెర విను. ఆడ దిగంగనే కాయితాలన్ని గుంజుకుంటరు. దిండు ఎవ్వరు ముట్టరు. దూది నడుమ ఎంబసీ ఫోన్ నంబర్ పెట్టిన. నీ మీద చెయ్యి లేస్తే కుట్టు ఇప్పు."

"నువ్వేసిన కుట్టు ఇప్పాల్నంటే ఒక దినం పడ్తది!"

పరుపులు కుట్టేవాళ్లకు దూదిని మించిన పెట్టె లేదు. ఆ నంబరు ఖాసింబీకి నోటికి పట్టించాలని ఇమాంబీకి తోచనేలేదు.

ఖాసింబీ పోయాక ఎనిమిది నెలలు ఉత్తరం ముక్క రాలేదు. రెజిమెంటల్ బజార్‌లోని ఏజెంటు గదికి పోతే, గుమాస్తా నడుము వెనక దిండు కనబడింది. తన కుట్టు తనకు తెలియదా?

"గిది నీకెట్ల వచ్చింది?"

"బరువైతదని బొంబాయిల తీయించిన. మెత్తగుందని తెచ్చుకున్న. గింత దానికి పరేషాన్ ఏందమ్మా?"

ఇమాంబీ దిండు లాక్కుని తిన్నగా పద్మారావు నగర్‌లో అర్జీలు రాసిపెట్టే రోసమ్మ టీచరమ్మ ఇంటికి పోయి ఫిర్యాదు రాయించింది. పోలీసు స్టేషన్‌లో అందరి ముందూ చెయ్యి చూపించింది. ఇంటికొచ్చాక తమ్ముడు మీదికొచ్చాడు.

"నా పెండ్లాం సంగతి నీకెందుకు?"

"నువ్వు కొట్టిన సంగతి సుత రాయించిన. పో."

ఫిర్యాదు సంగతి విని, ఆ ఏజెంటు పంపిన ఆడపిల్లల తల్లులు మరో నలుగురు వచ్చి వేలిముద్రలు వేశారు. ఏజెంటు గదికి తాళం పడింది. వాళ్ల బిడ్డల్లో ముగ్గురు తిరిగొచ్చారు. దిండు కుట్టు ఇమాంబీ విప్పలేదు.

1997 జూన్ తొమ్మిదో తారీఖున బొంబాయి బండెక్కిన ఖాసింబీ మళ్లీ రాలేదు.