గట్టు మీద ఖాళీ పెట్టె

వీబె మామయ్య మా అమ్మకు తమ్ముడు. లారీ నడపడం నాకు ఆయనే నేర్పాడు. హార్లింగెన్ గోదాముల్లో సరుకు దించేశాక మిగిలే ఖాళీ కంటెయినర్లను ఆమ్‌స్టర్‌డామ్ రేవుకు చేర్చడం మా ఇద్దరి పని. ఆయన బండి ముందు, నాది వెనక.

ట్రైలర్ నాలుగు మూలల్లో నాలుగు లాకులుంటాయి. పిడి తిప్పితే లాకు తల కంటెయినర్ అడుగునున్న రంధ్రంలో అడ్డం తిరిగి దాన్ని పట్టి ఉంచుతుంది. ఈ లాకుల విషయంలో మామయ్య చాదస్తానికి యార్డంతా నవ్వేది.

"సరుకుంటే పెట్టె దాని బరువుకి అదే కూర్చుంటుందే హిల్కె. ఖాళీదాన్ని నమ్మకూడదు. గాలొస్తే అట్టపెట్టెలా లేస్తుంది," అనేవాడు.

ఆ నవంబరు ఉదయం గాలి గట్టిగానే ఉంది. బయల్దేరే ముందు ఆయన కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"లాకులు వేశావా?"

"వేశాను మామయ్యా. మరి నువ్వో?"

"నన్నడుగుతున్నావా? నువ్వు పుట్టకముందు నుంచీ వేస్తున్నాను."

సముద్రానికి అడ్డంగా కట్టిన గట్టు మీది రోడ్డెక్కి దాదాపు సగం దూరం వచ్చాం. కుడివైపు గట్టు మీంచి ఉప్పునీటి తుంపర అద్దానికి కొడుతోంది. స్టీరింగు రెండు చేతులా పట్టుకుని మామయ్య ట్రైలర్ వెనక భాగాన్నే చూస్తున్నాను. దానికీ కంటెయినర్ అడుగుకూ మధ్య సన్నని వెలుగు గీత కనిపించింది. అక్కడ వెలుగు కనబడకూడదు. నా కళ్లే మోసం చేస్తున్నాయనుకున్నాను. ఆ గీత జానెడయింది. అంత పెద్ద ఇనప పెట్టె ఏ చప్పుడూ లేకుండా పైకి లేచి, ఎడమకు ఒరిగి, ఎదురు రోడ్డు మీద పడింది. చప్పుడు ఆ తర్వాత వినిపించింది.

మామయ్య బండి మాత్రం ఆగలేదు. అదే వేగంతో బోసి ట్రైలర్‌ను ఈడ్చుకుంటూ పోతోంది.

బండి పక్కకు ఆపి ఫోన్ చేశాను.

"మామయ్యా, ఆగు."

"ఏం, టైరు పోయిందా?"

"ఆగి, వెనక్కి చూడు."

ఆయన ఊపిరి వినిపించింది. తర్వాత బండి ఆపి తలుపు తెరిచిన చప్పుడు.

"హిల్కె, పెట్టె ఏదే?"

నేను అప్పటికే మధ్య కంచె దాటి అటు రోడ్డు మీదకు పరుగెడుతున్నాను. చిన్న నీలం కారు ఒకటి కంటెయినర్‌ను గుద్దుకుని ఆగి ఉంది. కారు ముందు భాగం మొత్తం నలిగిపోయింది. ఇనప అంచు అద్దానికి బెత్తెడు దూరంలో ఆగింది. లోపల అరవై దాటిన ఒకావిడ స్టీరింగును వదలకుండా కూర్చుని ఉంది. పక్క సీట్లోంచి ఆపిల్ కేకు ఎగిరి అద్దమంతా అతుక్కుంది.

"అమ్మా, దెబ్బలేమైనా తగిలాయా?"

ఆవిడ మెల్లగా నా వైపు తిరిగింది. "ఇది ఎక్కడ్నుంచి పడింది?" అని అడిగి, కేకు అంటని చోటునుంచి ఆకాశం వైపు చూసింది.

పేరు ఆల్చె అని చెప్పింది. చెల్లెలి పుట్టినరోజుకు వెళుతోందట. మెడ పట్టేసింది తప్ప దెబ్బలేమీ లేవంది. నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

మామయ్య గాలికి ఎదురు నడుచుకుంటూ వచ్చాడు. టోపీ ఎక్కడో పోయింది. కంటెయినర్ వైపు చూడనైనా లేదు. కారు తలుపు దగ్గర రోడ్డు మీద మోకాళ్లపై కూర్చున్నాడు.

"అది నాదండీ," అన్నాడు.

"అయ్యో పాపం. లోపలి సామాను పాడైపోయిందా?"

"సామాను లేదమ్మా. ఖాళీది."



అంబులెన్సు వచ్చి ఆవిడను తీసుకెళ్లింది. పోలీసులు మామయ్యను లాకులు వేశారా అని పదే పదే అడిగారు, ఆయన పదే పదే అదే చెప్పాడు. "నాలుగూ వేశాను." వాళ్లతోపాటు నేనూ ఆయన ట్రైలర్ దగ్గరికెళ్లాను. ఒకటి విరిగి ఉంటుంది, రెండు తుప్పుపట్టి ఉంటాయి అనుకుంటూ చుట్టూ తిరిగాను. నాలుగు పిడులూ తెరిచే ఉన్నాయి. ఒక్కటీ విరగలేదు. ఒక్కదాన్నీ ఎవరూ తిప్పలేదు.

ఆ మాట ఆయనకు నేనే చెప్పాల్సి వచ్చింది.

"లేదు. పిడి చేతికి చల్లగా తగిలింది. నాకు గుర్తుంది," అన్నాడు.

"అది నిన్నటిదేమో మామయ్యా."

యార్డులో క్రేను ట్రైలర్ మీద పెట్టె పెట్టిన వెంటనే అత్తయ్య ఫోన్ చేసిందట, కుక్క తిండి ముట్టడం లేదని. మాట్లాడుతూనే ఆయన బండెక్కేశాడు. ఫోన్ సంగతి గుర్తొచ్చాక కూడా, లాకులు వేసినట్టు తన చేతికి తెలుసనే అన్నాడు. అబద్ధం చెప్పే మనిషి కాదు. అందుకే నాకు భయమేసింది.

పోలీసులు ఆయన బండి ఉంచేసుకున్నారు. గాలి తగ్గేదాకా నన్ను గట్టు మధ్యలో ఉన్న పెట్రోలు బంకు దగ్గర ఆగమన్నారు. మామయ్య నా పక్క సీట్లో కూర్చున్నాడు. కాఫీ తెచ్చిస్తే చేతిలో పట్టుకున్నాడు గానీ తాగలేదు.

"నీవి వేశావా?"

"వేశాను."

"ఎలా తెలుసు?"

పొద్దున పిడులు తిప్పినట్టు నాకూ గుర్తుంది. ఆయనకు గుర్తున్నట్టే.

ఇద్దరం దిగాం. ఒక్కో మూల దగ్గరా ఆగి, పిడి లాగి చూసి, వచ్చి కూర్చున్నాం. నాలుగూ వేసే ఉన్నాయి. కాసేపటికి మామయ్య మళ్లీ తలుపు తెరిచాడు.

"ఇప్పుడేగా చూశాం మామయ్యా."

"చూశామా?" అన్నాడు నా కళ్లలోకి చూస్తూ. ఎగతాళికి కాదు, నిజంగానే అడుగుతున్నాడు.

నా కాఫీ పక్కన పెట్టి నేనూ దిగాను.